మూడడుగుల చేపల ట్యాంకు, రెండు 50 వాట్ల హీటర్లు: చలికాలం ప్రాజెక్టు డైరీ

నవంబరు మొదటి వారం: గాజు, ఇసుక, చోటు

ట్యాంకు కొలత 36 × 15 × 18 అంగుళాలు, గాజు మందం 8 మిల్లీమీటర్లు. అంచు దాకా నింపితే 159 లీటర్లు పడుతుంది. పైన రెండంగుళాలు వదిలి, ఇసుకా రాళ్లూ ఆక్రమించే చోటు తీసేస్తే నికరంగా నిలిచే నీళ్లు 130 లీటర్లు. ఈ డైరీలో మందైనా, హీటరైనా, అమ్మోనియా అయినా లెక్కంతా ఈ 130 మీదే. దుకాణంలో చెప్పే లీటర్లు ఖాళీ గాజుపెట్టెవి, వాటితో మోతాదు వేస్తే ప్రతిసారీ ఎక్కువ పడుతుంది.

బరువు: గాజు 30 కిలోలు, నీళ్లు 130, ఇసుక 17, రాళ్లు 8. మొత్తం 185, స్టాండుతో 200 దాటుతుంది. స్టాండు ఇనుప ఫ్రేముది, పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద అరంగుళం థర్మోకోల్ షీటు. థర్మోకోల్ చెక్కలోని చిన్న ఎగుడుదిగుళ్లను మింగేస్తుంది, అడుగు నుంచి వేడి పోకుండా కూడా ఆపుతుంది. ఇల్లు హైదరాబాదులో మూడో అంతస్తు. ట్యాంకును బాల్కనీ తలుపుకు దూరంగా, లోపలి గోడకు ఆనించి పెట్టాం. బయటి గోడ పక్కన పెడితే రాత్రి చలీ మధ్యాహ్నం ఎండా రెండూ నీళ్ల మీదే పడతాయి, ఉష్ణోగ్రత రోజూ పైకీ కిందకీ ఊగుతుంది.

ఇసుక విషయంలో ఒక జాగ్రత్త. ఈ ట్యాంకులోకి కోరిడోరస్ చేపలు వస్తాయి, వాటి పని రోజంతా మూతితో ఇసుక తవ్వుకోవడం. ఇప్పుడు కట్టడాల దగ్గర దొరికేది ఎక్కువగా రోబో ఇసుక, అంటే రాయిని పిండి కొట్టింది. దాని గింజలకు పదునైన అంచులుంటాయి, నెలల్లో చేప మీసాలు అరిగి పుండ్లు పడతాయి. వాగు ఇసుకనే జల్లించి, 1 నుంచి 2 మిల్లీమీటర్ల గింజ ఉంచుకుని, నీళ్లు తేటపడే దాకా కడిగి వాడాం. ఒక చెంచా ఇసుక మీద వెనిగర్ పోసి చూశాం, నురగ రాలేదు. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే, నీళ్ల పీహెచ్ నెమ్మదిగా పైకి పోతూ ఉంటుంది.

నీళ్లు నింపి రెండు రోజులు ఊరికే వదిలేశాం. మూలల్లో తెల్ల కాగితం ఒత్తి చూస్తే తడి కనబడలేదు.

అదే వారం: కరెంటు పని

చేపల ట్యాంకులో మనిషి ప్రాణానికి ముప్పు ఉన్నది ఇక్కడే కాబట్టి, మిగతా పనులన్నిటికంటే ముందు ఇది పూర్తి చేశాం.

ఇళ్లలో ఉండే ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైను తెంపే బ్రేకర్) తీగ కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడదు. 6 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 6 ఆంపియర్లకు మించి కరెంటు పోవాలి. మనిషి గుండె ఆగడానికి అందులో నూరో వంతు కూడా అక్కర్లేదు. కావలసింది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే అది వెంటనే లైను తెంపేస్తుంది. పాత అపార్ట్‌మెంట్లలో ఇది ఉండకపోవచ్చు, కొన్నిచోట్ల 100 మిల్లీఆంపియర్లది ఉంటుంది, దాన్ని మనిషి రక్షణకు లెక్కలోకి తీసుకోకూడదు. ఈ ఇంట్లో బోర్డులో లేదు కాబట్టి ట్యాంకు సాకెట్‌కు ముందు చిన్న పెట్టెలో విడిగా ఒకటి ఎలక్ట్రీషియన్ చేత బిగించాం. అద్దె ఇల్లయినా ఇది చేయించుకోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి, పడుతుందో లేదో చూడాలి.

గాజు ట్యాంకు నేలకు తగలకుండా ఉంటుంది. హీటరు పగిలి నీళ్లలోకి కరెంటు దిగినా, అది పోవడానికి దారి లేక ఆర్‌సీసీబీ అప్పుడే పడకపోవచ్చు. తడి గచ్చు మీద నిలబడి చెయ్యి పెట్టిన మనిషే ఆ దారి అవుతాడు. ఆర్‌సీసీబీ అప్పుడు పడుతుంది, కానీ షాక్ తగిలాకే పడుతుంది. అందుకని ఆర్‌సీసీబీ ఉన్నా సరే, నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. పాత వైరింగులో స్విచ్ ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌ను తెంచేలా బిగించి ఉండటం మామూలే, అప్పుడు స్విచ్ ఆపినా హీటర్లో కరెంటు ఉన్నట్టే. ఇక్కడ టెస్టర్‌ను నమ్ముకోవద్దు. లీకేజీ లేకపోయినా పంపు వల్ల పుట్టే చిన్న వోల్టేజీకి టెస్టర్ వెలగగలదు, వెలగనంత మాత్రాన భద్రం అనీ కాదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డును ట్యాంకు కింద పెట్టలేదు, పక్క గోడకు బిగించాం. ప్రతి తీగనూ సాకెట్ కంటే కిందికి వేలాడేలా వదిలి, మళ్లీ పైకి తెచ్చి గుచ్చాం. తీగ వెంట జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గర నేల మీద రాలిపోతుంది, సాకెట్‌లోకి ఎక్కదు.

ఇంకొకటి, గట్టిగా చెప్పాలి. స్నానం నీళ్లు కాచుకునే రాడ్డును చలి ఎక్కువైన రాత్రి ట్యాంకులో ముంచే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది 1000 నుంచి 1500 వాట్లది, ఆపడానికి దానిలో థర్మోస్టాట్ లేదు. 1500 వాట్ల రాడ్డు ఈ 130 లీటర్లను ఆరు నిమిషాలకో డిగ్రీ చొప్పున వేడెక్కిస్తుంది. పక్క గదిలోకి వెళ్లి ఫోను మాట్లాడి వచ్చేలోపు చేపలు పోతాయి. రాడ్డు పై తొడుగు తుప్పుపట్టి ఉంటే మనిషికీ అదే గతి.

నవంబరు రెండో వారం: ఎన్ని వాట్లు?

లీటరుకు ఒక వాట్ అని అందరూ చెప్పే లెక్క ప్రకారం ఈ ట్యాంకుకు 130 వాట్లు కావాలి, దుకాణంలో 200 వాట్ల హీటరు చేతిలో పెడతారు. రాత్రి గది 14, 15 డిగ్రీలకు పడిపోయే చోట ఆ లెక్క సబబే. హైదరాబాదులో బయట 12 ఉన్న రాత్రి కూడా తలుపులు మూసిన గదిలో 18, 19 ఉంటుంది. కాబట్టి కొనేముందు ట్యాంకును కొలిచాం.

కొలిచే పద్ధతి తేలిక. ఫిల్టరు నడుస్తూ ఉండగా నీళ్లను 26 డిగ్రీలకు తెచ్చి, వేడి ఆపేసి, గది 20 డిగ్రీలున్న రాత్రి ఎంత పడిపోతుందో చూడాలి. 130 లీటర్లను ఒక డిగ్రీ పెంచడానికి 151 వాట్-గంటలు పడుతుంది, చల్లారేటప్పుడు పోయేదీ అంతే. మూత లేకుండా ఆరు గంటల్లో 26 నుంచి 22.7కు దిగింది. మూత పెట్టి చూస్తే 24 దగ్గర ఆగింది. మూత లేనప్పుడు సగటున 83 వాట్లు పోతుంటే, మూత ఉన్నప్పుడు 50 వాట్లే పోతున్నాయి. తేడాకు కారణం ఆవిరి. ఒక లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 0.67 యూనిట్ వేడిని పట్టుకుపోతుంది. అంటే రోజుకు లీటరు చొప్పున తగ్గే ట్యాంకు రోజంతా 28 వాట్లు ఆవిరికే కడుతోంది. హైదరాబాదు చలికాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మూత లేని ట్యాంకులో ఇంకా ఎక్కువే పోతుంది. ముందు మూత, తర్వాతే హీటరు.

మూత ఉన్నప్పుడు నీళ్లకూ గదికీ సగటు తేడా 5 డిగ్రీలు, పోయింది 50 వాట్లు. కాబట్టి ఈ ట్యాంకుకు తేడాలో ప్రతి డిగ్రీకీ 10 వాట్లు కావాలి. వెనకా రెండు పక్కలా అరంగుళం థర్మోకోల్ అతికించాక అది 7.5కు తగ్గింది. నీళ్లు 25లో ఉండాలి, అతి చల్లని రాత్రి గది 18. తేడా 7, కావలసినది 52 వాట్లు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చౌక హీటర్లలో థర్మోస్టాట్ అంటే రెండు లోహాల పట్టీ, దాని చివర ఒక కాంటాక్టు. వేడెక్కితే పట్టీ వంగి కాంటాక్టు విడిపోతుంది. ఏళ్ల తరబడి విడిపోతూ కలుస్తూ చిన్న చిన్న మెరుపులు పుట్టి, ఒకరోజు ఆ రెండు మొనలూ అతుక్కుపోతాయి. ఆ తర్వాత హీటరు ఆగదు. హీటరు మామూలుగా పాడయ్యేది ఇలాగే, దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు. అలా అతుక్కుపోయిన 200 వాట్ల హీటరు ఈ ట్యాంకును, ఒక్క మూతతో లెక్కేసినా, గది కంటే 20 డిగ్రీలు పైకి తీసుకుపోగలదు. 20 డిగ్రీల గదిలో ఒక రోజు చూడకపోతే నీళ్లు 36 దాటుతాయి, చేపలన్నీ పోతాయి. 50 వాట్లది అతుక్కుపోతే పెంచగలిగేది 5 నుంచి 7 డిగ్రీలు, నీళ్లు 25, 27 మధ్య నిలబడతాయి, రెండో హీటరు తనంతట తానే ఆగిపోతుంది. ఒకటి పూర్తిగా చచ్చిపోతే? మిగిలిన 50 వాట్లు అతి చల్లని రాత్రి కూడా 24.5 దాకా నిలబెడతాయి. ఎటు పాడైనా చేప బతుకుతుంది. అందుకే ఈ ట్యాంకుకు రెండు 50 వాట్ల హీటర్లు. ట్యాంకు ఎంతదైనా హీటరును ఈ లెక్కతోనే కొనాలని మా గట్టి అభిప్రాయం. బాగున్నప్పుడు ఎంత వేడి ఇస్తుందన్నది రెండో ప్రశ్న, పాడైనప్పుడు ఏం చేస్తుందన్నది మొదటి ప్రశ్న.

ఊరిని బట్టి అంకెలు మారతాయి. విజయవాడ, కాకినాడల్లో గది 22 కంటే పెద్దగా దిగదు, ఒక 50 వాట్లది చాలు, రెండోది అల్మారాలో ఉంచుకోవచ్చు. ఆదిలాబాదులో, లంబసింగి, చింతపల్లి వైపు గదే 13, 14కు వస్తుంది. అక్కడ రెండు 75 వాట్లవి, థర్మోకోల్ తప్పనిసరి.

అదే వారం చివర: బిగింపు, థర్మామీటరు, కంట్రోలరు

హీటర్లను నిలువుగా పెట్టలేదు. చెరో చివర, వెనక గాజుకు, అడుగు నుంచి మూడంగుళాల ఎత్తులో అడ్డంగా బిగించాం. నీళ్లు మార్చేటప్పుడు మట్టం దిగినా అడ్డంగా ఉన్నది నీళ్లలోనే ఉంటుంది. వేడి గాజు గాలిలోకి వచ్చి మళ్లీ చల్లని నీళ్లు తగిలితే పగులుతుంది. ఇసుకకు తగలనివ్వకూడదు, తగిలిన చోట వేడి కదలక గాజు చిట్లుతుంది. ఒక హీటరు ఫిల్టరు వదిలే నీటి దారిలో, రెండోది స్పాంజి ఫిల్టరు పక్కన. నీళ్లు కదలని మూలలో పెడితే హీటరు తన చుట్టూ ఉన్న నీళ్లనే కాచుకుని ఆగిపోతుంది, ట్యాంకు అవతలి కొస చల్లగానే ఉంటుంది. రెండింటికీ ప్లాస్టిక్ జాలీ తొడుగులు వేశాం, అడుగున పడుకునే చేపలు గాజుకు ఆనుకుని కాల్చుకోకుండా. నీళ్లలో పెట్టాక అరగంట ఆగి అప్పుడు ప్లగ్గు గుచ్చాం.

గాజు మీద అతికించే రంగుల పట్టీ థర్మామీటరు గాజు వేడిని చూపిస్తుంది, నీళ్ల వేడిని కాదు. చలికాలంలో ఒకటి రెండు డిగ్రీలు తక్కువ చూపడం సహజం. లోపల పెట్టే స్పిరిట్ థర్మామీటరు మేలు, కానీ అదీ సరిచూసుకోవాలి. ఇంట్లో జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటరు ఇందుకు భలే పనికొస్తుంది. చెంబులో 37 డిగ్రీల దగ్గర గోరువెచ్చని నీళ్లు తీసుకుని రెండూ ముంచి, కలియబెడుతూ చూడాలి. ఈ ట్యాంకుది 0.8 డిగ్రీ ఎక్కువ చూపుతోంది, ఆ అంకెను ట్యాంకు మూత మీద మార్కరుతో రాసిపెట్టాం.

హీటరు తల మీది అంకెల్నీ నమ్మకూడదు. ఒకదాని మీద 25 పెడితే నీళ్లు 27 దగ్గర ఆగాయి, రెండోది 24 దగ్గర. ఒక్కోదాన్ని విడిగా నడిపి, నిజంగా 25 వచ్చే చోట గీత పెట్టాం.

వీటి మీద కాపలాకు, సెన్సరుతో నీళ్ల వేడి చూసి కరెంటు కలిపే, తెంచే ఎస్‌టీసీ-1000 తరహా కంట్రోలరు. 220 వోల్టులది కొనాలి, 12 వోల్టులదీ అలాగే కనిపిస్తుంది, దాన్ని మెయిన్‌కు కలిపితే కాలిపోతుంది. వెనక 1, 2 టెర్మినళ్లకు సరఫరా, 3, 4కు సెన్సరు, 5, 6 వేడికి, 7, 8 చల్లదనానికి. ఫేజ్ తీగ 5, 6 గుండా హీటర్ల సాకెట్‌కు వెళ్తుంది. ఎఫ్1 (కావలసిన ఉష్ణోగ్రత) దగ్గర 27, ఎఫ్2 (తేడా) దగ్గర 0.5 పెట్టాం. రోజువారీ ఆపడం, వేయడం హీటర్ల సొంత థర్మోస్టాట్లే 25 దగ్గర చేసుకుంటాయి. కంట్రోలరు రిలే ఊరికే కలిసి ఉంటుంది, నీళ్లు 27కు వస్తే మాత్రం తెంచుతుంది. దీన్ని తిప్పి పెట్టేవాళ్లున్నారు, హీటర్లను పైకి తిప్పి కంట్రోలరుతోనే నడిపిస్తారు. అప్పుడు సెన్సరు జారి బయట పడితే చల్లగాలిని చూసి కంట్రోలరు హీటర్లను ఆపకుండా నడుపుతుంది. మా అమరికలో సెన్సరు బయట పడ్డా హీటర్లు 25 దగ్గర ఆగుతాయి.

నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు మూడో వారం: చేపల్లేకుండా సైక్లింగ్

సైక్లింగ్ అంటే చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని హాని తక్కువైన నైట్రేట్‌గా మార్చే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియాను ఫిల్టరులో పెంచుకోవడం. చేపలకు బదులు అమ్మోనియాను మనమే పోస్తాం. నీళ్లు సంపులోవి, మంజీరా నీళ్లూ బోరు నీళ్లూ కలిసినవి. టీడీఎస్ (కరిగిన లవణాలు) 420, పీహెచ్ 7.8, కేహెచ్ (కార్బొనేట్ లవణాల కొలత) 9. క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ వాడాం. దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది చాలావరకు ఇదే. 100 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించుకుంటే, 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాముల) క్లోరిన్ ఉన్న 20 లీటర్ల బకెట్‌కు 3 మిల్లీలీటర్లు సరిపోతాయి.

అమ్మోనియాకు రసాయనాల దుకాణంలో దొరికే అమ్మోనియం క్లోరైడ్. పాత్రలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం ఇదే పదార్థం, కానీ అందులో ఏం కలిసి ఉంటుందో తెలియదు కాబట్టి ల్యాబ్ రకమే తీసుకోవాలి. 130 లీటర్లలో 2 పీపీఎం రావాలంటే 0.8 గ్రాము. 40 గ్రాములు లీటరులో కరిగించి ఉంచుకుంటే ప్రతిసారీ 20 మిల్లీలీటర్లు కొలిచి పోయడమే.

నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా 25, 30 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, 19 దగ్గర బద్ధకిస్తుంది. కొత్త ట్యాంకు పెట్టి, చేపలు వచ్చాక హీటరు కొందాంలే అనుకునేవాళ్లకు చలికాలంలో సైక్లింగ్ నెలల తరబడి సాగేది అందుకే. ఈ ట్యాంకులో హీటర్లు 28, కంట్రోలరు 29.5 పెట్టి నడిపాం. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు స్పాంజిని ఒక మగ్గులో పిండి ఆ మడ్డినీళ్లు ఇక్కడి ఫిల్టరు మీద పోశాం.

రెండో వారంలో అమ్మోనియా తగ్గడం మొదలైంది. మూడో వారంలో నైట్రైట్ పరీక్ష కిట్ రంగు చివరి గడి దాటి ముదురు ఊదాకు పోయింది. అలాంటప్పుడు అమ్మోనియా పోస్తూనే ఉంటే నైట్రైట్ పేరుకుపోయి పని ఇంకా సాగుతుంది. పోయడం ఆపి, సగం నీళ్లు మార్చి, మళ్లీ మొదలుపెట్టాం. డిసెంబరు మూడో వారానికి 2 పీపీఎం పోస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తున్నాయి. పరీక్ష అదే. మళ్లీ సగానికి పైగా నీళ్లు మార్చి నైట్రేట్‌ను 20 లోపుకు తెచ్చి, హీటర్లను 25 గీతకు, కంట్రోలరును 27కు దించాం.

బోరు నీళ్ల ఇళ్లవాళ్లు పీహెచ్‌ను మరచిపోకూడదు. అమ్మోనియాలో విషపు భాగం పీహెచ్ 7 దగ్గర వందకు ఒకటి కంటే తక్కువ, 8 దగ్గర వందకు అయిదు దాటుతుంది. కిట్‌లో అదే 0.5 కనబడ్డా, పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లలో అది దాదాపు పదింతలు ప్రమాదం.

ఏ చేపలు

నీళ్లను చేపకు తగ్గట్టు మార్చడం కంటే నీళ్లకు తగ్గ చేపను తెచ్చుకోవడం మేలు. లవణాలు ఎక్కువున్న ఈ గట్టి నీళ్లలో కార్డినల్ టెట్రా, రామ్ సిక్లిడ్, డిస్కస్ నిలవడం కష్టం. ఎంచుకున్నవి: చెర్రీ బార్బ్‌లు 8, బ్రాంజ్ కోరిడోరస్ 6, హనీ గౌరామీలు 3 (ఒక మగ, రెండు ఆడ). చెర్రీ బార్బ్ శ్రీలంకది, హనీ గౌరామీ గంగా, బ్రహ్మపుత్ర వైపుది, కోరిడోరస్ దక్షిణ అమెరికాది. మూడూ 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటాయి. మన దుకాణాలకు వచ్చే చేపల్లో చాలావరకు చెన్నై కొలత్తూరు, కోల్‌కతా వైపు పెంపకాల నుంచి వచ్చేవే కాబట్టి గట్టి నీళ్లకు కొంత అలవాటు పడే ఉంటాయి.

వద్దనుకున్నవి: గోల్డ్ ఫిష్ (దానికి చల్లని నీళ్లు కావాలి, హీటరు ఉన్న ట్యాంకులో పెట్టడం దాన్ని బాధించడమే), రెండంగుళాల పిల్లగా షార్క్ అని అమ్మే చేప (అది కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో కిలోల లెక్కన పెంచే పంగస్), సక్కర్ ఫిష్. సక్కర్ అడుగుకు పైగా పెరుగుతుంది. పెద్దదయ్యాక చెరువులో వదిలేయడం వల్లే అది మన నీళ్లలో డెవిల్ ఫిష్‌గా తయారై వలలు చింపుతోంది. ఇంట్లో పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, చెరువులో కాదు.

డిసెంబరు: క్వారంటైన్ టబ్బు

చేపలు నేరుగా పెద్ద ట్యాంకులోకి రాలేదు. 30 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, సైక్లింగ్ అవుతున్న ట్యాంకులోంచి తీసిన స్పాంజి ఫిల్టరు, 25 వాట్ల హీటరు. ప్లాస్టిక్‌కు వేడి గొట్టం తగలకుండా జాలీ తొడుగు తప్పదు.

చలికాలంలో చేపలను మధ్యాహ్నం తెచ్చుకోవాలి, సంచిని థర్మోకోల్ డబ్బాలో పెట్టుకుని. సాయంత్రం బండి మీద తెచ్చిన సంచిలో నీళ్లు 20కి దిగిపోతాయి. సంచిని 20 నిమిషాలు టబ్బులో తేలనిచ్చి, థర్మామీటరుతో రెండు నీళ్ల తేడా ఒక డిగ్రీ లోపుకు వచ్చిందని చూసి, సంచి విప్పి రెండు మూడు సార్లు అరగ్లాసు టబ్బు నీళ్లు పోసి, చేపను వలతో తీసి వదలాలి. గంటల తరబడి చుక్కచుక్కగా కలపడం ఇక్కడ మంచిది కాదు. సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ దిగి ఉంటుంది, అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే గ్యాసు పోయి పీహెచ్ ఎక్కుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. సంచి నీళ్లు టబ్బులో పోయకూడదు.

బార్బ్‌లలో రెండింటి తోకల మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనబడ్డాయి, ఒళ్లు రాయికి రుద్దుకుంటున్నాయి. వైట్ స్పాట్. చలి ఈ జబ్బును పుట్టించదు, పరాన్నజీవి ముందే చేప మీద ఉంటుంది, ఉష్ణోగ్రత పడిపోయి చేప నీరసించినప్పుడు అది పైచేయి అవుతుంది. చర్మం కింద ఉన్నంతసేపు ఏ మందూ దాన్ని తాకదు. అడుగుకు రాలి, పగిలి, పిల్లలు ఈదుకుంటూ కొత్త చేపను వెతికే దశలోనే చస్తుంది. వేడి పెంచేది ఆ చక్రాన్ని త్వరగా తిప్పడానికే. టబ్బులో 50 వాట్ల హీటరు పెట్టి, పూటకు ఒక డిగ్రీ చొప్పున 29కు తెచ్చాం, గాలి పెంచాం (వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ), లీటరుకు 2 గ్రాముల కల్లుప్పు, అంటే 60 గ్రాములు, మూడు విడతల్లో కరిగించి పోశాం. రోజు విడిచి రోజు అడుగునుంచి సైఫన్‌తో మూడో వంతు నీళ్లు తీసి, తీసినంతకే ఉప్పు కలిపి పోశాం. చివరి చుక్క రాలాక పది రోజులు ఆపకుండా కొనసాగించాం. చుక్కలు కనబడటం లేదని ముందే ఆపేస్తే అడుగున పొదుగుతున్నవి మళ్లీ ఎక్కుతాయి.

జనవరి: ఒక్కొక్కటిగా లోపలికి

నెల మొదట్లో బార్బ్‌లు పెద్ద ట్యాంకులోకి వచ్చాయి. చేపలు వచ్చే దాకా రోజూ అమ్మోనియా పోస్తూనే ఉన్నాం, లేకపోతే పెంచుకున్న బ్యాక్టీరియా ఆకలికి తగ్గిపోతుంది. వదిలిన మొదటి రోజు మేత వేయలేదు. రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి, రోజుకు ఒక్కసారి. వారం పాటు రోజూ కొలిస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా.

క్వారంటైన్ ముగిశాక కోరిడోరస్‌లు. వీటిని వలతో పట్టకూడదు, రెక్కల ముళ్లు వలలో చిక్కుకుని విరుగుతాయి, చేతికి గుచ్చుకుంటే మండుతుంది. ప్లాస్టిక్ గ్లాసుతో తీయాలి. అప్పుడప్పుడు పైకి దూసుకొచ్చి గాలి మింగి దిగిపోవడం వాటి స్వభావం. నిమిషానికోసారి వస్తుంటే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ తగ్గినట్టు. పైన తేలే మేత వీటికి అందదు, లైటు ఆపాక మునిగే బిళ్ల వేయాలి. గౌరామీలను చివర్లో వదిలాం. మగది ముందే వస్తే ట్యాంకంతా తనదే అనుకుంటుంది.

సంక్రాంతి ముందు వారం చలి పెరిగింది. తెల్లవారుజామున గది 18, నీళ్లు 24.8. రెండు హీటర్లూ వంతులవారీగా వెలుగుతున్నాయి. కరెంటు ఖర్చు రోజుకు అర యూనిట్ చుట్టుపక్కల.

నీళ్లు మార్చడం ఈ రోజుల్లో మధ్యాహ్నమే. మేడ మీది నీళ్ల ట్యాంకులోంచి పొద్దున వచ్చే నీళ్లు 19 డిగ్రీలుంటాయి, పావు వంతు మారిస్తే ట్యాంకు ఒక్కసారిగా డిగ్రీన్నర దిగుతుంది. 20 లీటర్ల బకెట్‌లో లీటరున్నర మరిగిన నీళ్లు కలిపితే 25 వస్తుంది. కలపడం బకెట్‌లోనే, ట్యాంకులో ఎప్పుడూ కాదు. క్రమం ఇది: ప్లగ్గులన్నీ పీకు, ఇరవై నిమిషాలు ఆగు, నీళ్లు తీయి, కొత్తవి పోయి, మట్టం హీటరు గీత దాటిందని చూడు, అప్పుడు ప్లగ్గు. తిరిగి పెట్టడం మరచిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఫిల్టరూ హీటర్లూ ఒకే బోర్డు మీద పెట్టాం. ఫిల్టరు చప్పుడు లేకపోతే హీటరూ లేదని తెలిసిపోతుంది.

కరెంటు పోతే? ఇన్వర్టరు లైనులో ఎయిర్ పంపు ఒక్కటే ఉంది, 4 వాట్లు. హీటర్లు లేవు, అవసరమూ లేదు. మూత, థర్మోకోల్ ఉన్న ఈ ట్యాంకు అతి చల్లని రాత్రి కూడా గంటకు మూడో వంతు డిగ్రీ మించి పడదు. గాలి ఆగితే మాత్రం ఫిల్టరులోని బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే దెబ్బతింటుంది. కరెంటు కోతలో ముందు కాపాడుకోవలసింది గాలిని, వేడిని కాదు.

నెలాఖరు తనిఖీలో ఒక హీటరు గాజు గొట్టం లోపల, మూత మెడ దగ్గర, సూది మొనంత నీటి బొట్లు కనబడ్డాయి. బయట అంతా శుభ్రంగానే ఉంది, హీటరు పనిచేస్తూనే ఉంది. మెడ దగ్గరి రబ్బరు సీలు వదులై నీరు పీల్చుకుంటోందన్నమాట. వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోతుంది, చల్లారినప్పుడు ఆ చోటులోకి నీరు వస్తుంది. ఎండబెట్టి మళ్లీ వాడే వస్తువు కాదిది. ఆర్‌సీసీబీ ఆపి, ప్లగ్గు పీకి, తీసి, తీగ కత్తిరించి పారేశాం. కొత్తది వచ్చే దాకా మిగిలిన ఒక్కటే రెండు రాత్రులు మోసింది, నీళ్లు 24.5 కంటే దిగలేదు. నెలకోసారి టార్చిలైటు వేసి గొట్టం లోపల చూడటం, టెస్ట్ బటన్ నొక్కిన రోజే పెట్టుకుంటే మరచిపోం.

ఫిబ్రవరి చివర

రాత్రి కూడా గది 24 దిగడం లేదు, పగలు 30 దాటుతోంది. ఇప్పుడు హీటరును ఊరికే వదిలేయకూడదు. కాంటాక్టు అతుక్కుంటే 50 వాట్లే అయినా 30 డిగ్రీల గది మీద మరో 5, 6 డిగ్రీలు ఎక్కిస్తుంది, అదీ కంట్రోలరు కూడా పనిచేయకపోతే. రెండింటినీ తీసేశాం. బోరు నీళ్ల సున్నం గొట్టాల మీద తెల్లటి పొరగా కట్టింది. ఆ పొర వేడిని నీళ్లలోకి పోనివ్వదు, లోపలి తీగ అతిగా కాగి త్వరగా పోతుంది. వెనిగర్‌లో గంట నానబెట్టి, స్పాంజితో తుడిచి, కడిగి, ఆరబెట్టి, పేపరు చుట్టి డబ్బాలో పెట్టాం. డబ్బా మీద ఏ హీటరు ఎంత తేడా చూపుతుందో రాసి ఉంది.

కంట్రోలరు మాత్రం అక్కడే ఉంది. ఎఫ్1ను 28.5కు మార్చి, 7, 8 టెర్మినళ్లకు 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను అడాప్టరును కలిపాం. 29 దగ్గర ఫ్యాను మొదలై 28.5 దగ్గర ఆగుతుంది. గాజు మూత తీసి దోమల జాలీ బిగించాం, గౌరామీలు దూకకుండా. చలికాలం ఆపాలనుకున్న ఆవిరే ఇప్పుడు వేడిని తీసుకుపోతుంది. తగ్గిన నీళ్లకు బదులు సంపు నీళ్లు పోస్తే లవణాలు పేరుకుంటాయి, టీడీఎస్ 420 నుంచి ఎక్కుతూ పోతుంది. ఆవిరైనంతకు ఆర్‌ఓ నీళ్లు, వారానికి మార్చే పావు వంతుకు సంపు నీళ్లు.